ఎనిమిది దెబ్బలు

చెన్నూరులో రామచంద్రం ఫొటోలు కడిగే గది ఒకప్పుడు వడ్లు పోసుకునే కొట్టు. కిటికీకి గొంగడి బిగించి, తలుపు సందుల్లో గుడ్డపేలికలు కుక్కితే మిట్టమధ్యాహ్నం కూడా అందులో తన చెయ్యి తనకు కనిపించదు. పాత వడ్ల వాసన ఇంకా పోలేదు. దాని మీద ఫొటో మందుల పులుపు వాసన.

నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీదికి పంపే దీపం ఒకటుంటుంది. ఆ వెలుతురు కాగితం మీద ఎంతసేపు పడాలన్నదే ఆ గదిలో అసలు విద్య. తక్కువ పడితే మొహం పాలిపోతుంది. ఎక్కువ పడితే మసి. రామచంద్రం గడియారానికి సెకన్ల ముల్లు ఎప్పుడో ఊడిపోయింది. దానితో ఆయనకు పని కూడా పడలేదు. గోడ అవతల దేవవ్వ ఇల్లు, ఆ గోడకు ఆనుకొనే మగ్గం. దేవవ్వ బిడ్డ సక్కుబాయి పొద్దంతా నేసేది. టక్... టక్... టక్... ఒక్క దెబ్బ ముందుకు పడదు, ఒక్క దెబ్బ వెనక్కి పడదు. మామూలు ఫొటోకు ఎనిమిది దెబ్బలసేపు దీపం. భార్య సరోజనకు కూడా ఆయన అట్లాగే నేర్పాడు.

"గడియారమన్న తప్పుతది గని, సక్కు చెయ్యి తప్పది," అని నవ్వేవాడు.

పంతొమ్మిదేళ్ల సక్కుబాయి మూడు రోజుల జ్వరంతో పోయింది. బతికుండగా దిగిన ఫొటో ఒక్కటీ లేదు. పాడె ఎక్కించే ముందు బొట్టు దిద్ది, పూలు పెట్టి, మూసిన కళ్లతోనే గోడకు ఆనించి కూర్చోబెడితే రామచంద్రం ఒకే ఒక్క నెగటివ్ తీశాడు. రెండు రోజుల తర్వాత పెళ్లి ఫొటోలకని ఆయన నిర్మల్‌కు వెళ్లాడు, ఇంకా రాలేదు. తెల్లవారితే పదో రోజు.

దేవవ్వ వచ్చి సరోజన చేతులు పట్టుకుంది. "నిన్న దాని ముక్కు ఎట్లుండెనో యాది తెచ్చుకుందామని చూసిన బిడ్డా... రాలే. తొమ్మిది దినాలకే మరుస్తున్న. రేపటికి ఫొటో లేకపోతే మొత్తం మొహమే పోతది. నేనేం తల్లిని?"

ఆ మాట విన్నాక కాదనడం సరోజన వల్ల కాలేదు. పెట్టెలో చూస్తే మూడే ఫొటో కాగితాలున్నాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఎవరూ తలుపు తియ్యకుండా అత్త చంద్రవ్వ బయట పీట వేసుకొని కూర్చుంది. పక్కనే దేవవ్వ. ఎర్ర బల్బు వెలుగులో మూడు పళ్లాలు, మొదటిది బొమ్మను తెచ్చే మందు, మధ్యలో నీళ్లు, చివరిది బొమ్మను నిలబెట్టే హైపో.

గోడ అవతల చప్పుడు లేదు. సరోజన నోటితోనే లెక్కపెట్టింది. భయానికి లెక్క ఉరికింది. మొదటి కాగితం మీద మొహం పొగలాగా వచ్చి ఆగిపోయింది. రెండోసారి ఆగి ఆగి లెక్కపెట్టింది. మధ్యలో అయిదన్నదో ఆరన్నదో మరిచిపోయింది. కాగితం బొగ్గయింది.

"దాగుడుమూతలు ఆడుతున్నవా ఏందే లోపల?" అని చంద్రవ్వ కేకేసింది. "నా కొడుకు వచ్చేవరకు కాగితాలన్నీ కరాబు చేస్తవా, బయటికి రా!"

"ఉండు అత్తమ్మా, ఇంకొక్కటే ఉన్నది."

ఆ ఒక్కదాన్ని నేరుగా పెట్టే ధైర్యం లేక అంచున వేలెడు ముక్క కత్తిరించింది. దాన్ని బొమ్మ కళ్లు పడే చోట అడ్డంగా పరిచింది. నాలుగు దెబ్బలయ్యాక ఎడమ కంటి మీద అట్ట కప్పాలి, కుడి కన్ను మీద ఎనిమిదీ పడాలి. ఏది బాగుంటే అదే కొలత. దీపం వేసింది.

టక్... టక్... టక్...

ప్రాణం కుదుటపడింది. చేతులు వాటంతటవే పనిచేశాయి. నాలుగుకు అట్ట జరిగింది. ఎనిమిదికి దీపం ఆరింది. చప్పుడూ ఆగింది. ముక్కను మందులో వేశాక గానీ ఆమెకు తట్టలేదు...

"అత్తమ్మా," అంది మెల్లగా. "మగ్గం ఎవరు నేస్తున్నరు?"

"ఏ మగ్గమే? దేవవ్వ నా పక్కన్నే కూసున్నది."

"అది పోయిన్నాడే మగ్గం మీది పడుగు కోసిన బిడ్డా," అంది దేవవ్వ. "దెబ్బ కొట్టే పలక విప్పి అటక మీద పెట్టిన. ఏమైంది?"

సరోజన పళ్లెం మీదికి వంగింది. మందులో ముక్క మీద బొమ్మ తేలుతోంది. నాలుగు దెబ్బల ఎడమ కన్ను మూసి ఉంది. ఎనిమిది దెబ్బల కుడి కన్ను... తెరిచి ఉంది.

బయటికి ఉరుకుదామనుకుంది. తలుపు అవతల దేవవ్వ ముక్కు చీదుతున్న చప్పుడు. ఉత్త చేతులతో ఏ మొహం పెట్టుకొని పోవాలి? సరే, నాలుగు దెబ్బలకే ఆపేస్తాను, అనుకుంది. పాలిపోయినా మొహమంటూ ఉంటుంది. కళ్లు మూసి ఉంటాయి. చాలు.

చివరి కాగితం పెట్టి దీపం వేసింది.

టక్. ఒకటి.

టక్. రెండు.

మూడు... నాలుగు. మీట నొక్కింది. మీట కిందికి దిగింది. దీపం ఆరలేదు. అయిదు. మళ్లీ నొక్కింది. ఆరు. అట్ట అడ్డం పెట్టబోయింది... చెయ్యి లేవలేదు. గోడ అవతలి నుంచి గంజి వాసన, తడి నూలు వాసన. ఏడు.

"వద్దు సక్కూ..." అంది గోడకేసి.

ఎనిమిది. దీపం దానంతటదే ఆరింది.

కాగితాన్ని అక్కడే చింపేయొచ్చు. కానీ అది ఒక్కటే, ఇంకొకటి లేదు. మందులో వేసింది, నీళ్లలో జాడించింది, హైపోలో ఉంచింది. ఎర్ర వెలుగులో మొహం నిండుగా వచ్చింది. రామచంద్రం కూడా అంత చక్కగా ఎప్పుడూ తియ్యలేదు. రెండు కళ్లూ తెరిచి ఉన్నాయి.

దేవవ్వ తడి ఫొటోను రొమ్ముకు అదుముకుంది. "చూసినవా చంద్రవ్వక్కా, నా బిడ్డ చూస్తున్నది! ఎంత మంచిగ చూస్తున్నదో!"

చంద్రవ్వ ఫొటో వైపు చూసింది. కోడలి వైపు చూసింది. పీట తీసుకొని లోపలికి పోయింది.

పదో రోజు గడిచింది. ఫొటోను మగ్గం ఉన్న గదిలో, ఆ గోడకే తగిలించారు. మర్నాడు మధ్యాహ్నం సరోజన పళ్లాలు తోముతుంటే గోడ అవతల ఒక్కటే చప్పుడు.

టక్.

"తొమ్మిది," అంది ఆమె నోరు. ఆమె అనలేదు.

ఆ తెల్లారి అదే పొద్దుకు ఇంకొకటి. పది.

కాసేపటికి దేవవ్వ వచ్చి వాకిట్లో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గొంతు తగ్గించి అడిగింది.

"సరోజనా... నువ్వు నాకిచ్చిననాడు ఫొటోల దాని నోరు మూసే ఉండె గదా?"

సరోజన చెప్పాలనుకుంది. ఆ ఫొటోను తన చేతులతో మూడు పళ్లాల్లో ముంచి తీసింది. నుదుటి మీద బొట్టు యాదికుంది. పూలు యాదికున్నాయి. కళ్లు యాదికున్నాయి.

నోరు మాత్రం... ఎంత తలుచుకున్నా యాదికి రాలేదు.