తాతగారి ఎముకలు

ఉదయం ఏడూ పది. స్టేషన్ ఫోన్ మోగింది.

"మా తాతగారిని ఎత్తుకెళ్లారు!"

ఎస్సై టీ గ్లాసు అక్కడే వదిలేసి జీపెక్కింది. తీరా వెళ్లాక తెలిసింది, తాతగారికి నాలుగు కాళ్లూ ఒక తోకా ఉన్నాయని.

ఆమెకు ఒళ్లు మండింది. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషిని చూశాక ఆ మంట చల్లారింది. ఆరడుగుల మనిషి. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. చేతిలో ఖాళీ గొలుసు.

అతను ఒకప్పుడు డ్రిల్లు మాస్టారు. ఇప్పుడు కుక్కలకు పచ్చి మాంసం, పచ్చి ఎముకలు అమ్మే దుకాణం నడుపుతున్నాడు. ఇల్లు దుకాణం పక్కనే. బోర్డు మీద తాతగారి ఫొటో, దాని కింద 'పచ్చి తిండి, నిండు ఆయుష్షు' అని పెద్ద అక్షరాలు. పదమూడేళ్లుగా వండిన మెతుకు ముట్టని కుక్క అది. దాని పళ్లు చూసి జనం ముక్కున వేలేసుకునేవారు. చూసినవాళ్లంతా కొనుగోలుదారులయ్యారు.

"పదింటికి పుట్టినరోజు ఫంక్షన్ మేడం. తాతగారు పెద్ద ఎముక కొరుకుతుంటే లైవ్ వీడియో. రాకపోతే నా పరువుతో పాటు షాపు కూడా పోతుంది."

"ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

మాస్టారు వీధికి అటువైపు వేలు చూపించాడు. అక్కడ కుక్కలకు సంచుల్లో వచ్చే ఎండు గుళికల తిండి అమ్మే దుకాణం ఉంది. "ఇంకెవడు? వాడే. ముందు వాణ్ణి లోపలెయ్యండి!"

ఆ ఇద్దరూ ఉప్పూ నిప్పూ అని వీధంతటికీ తెలుసు.

ఎస్సై పెరట్లోకి నడిచింది. తలుపు గడియ లోపలి నుంచే తీసి ఉంది. తాళం పగల్లేదు. తెల్లవారుజామున ఐదింటికి మాస్టారు మార్కెట్‌కి బయల్దేరినప్పుడు కుక్క ఉంది, ఏడింటికి తిరిగొచ్చేసరికి లేదు. అది మొరగడం ఎవరూ వినలేదు. అది పడుకునే చోట పాత దుప్పటి కూడా లేదు. కుక్కను ఎత్తుకెళ్లే దొంగకు చిరుగుల దుప్పటితో పనేమిటి?

గోడ మూలన ఎముకలు పడి ఉన్నాయి.

"రాత్రి నా చేత్తోనే గిన్నెలో పెట్టా. చూడండి, పీచు కూడా మిగల్చలేదు," అన్నాడు మాస్టారు. ఆ గొంతులో ఏడుపుతో పాటు గర్వం కూడా ఉంది.

ఎస్సై ఒక ఎముకను వెలుతురుకు తిప్పి చూసింది. దాన్ని కవర్లో వేసుకుంది.

వంటగది గుమ్మంలో అతని భార్య నిలబడి ఉంది.

"ఐదింటికి మీరెక్కడున్నారమ్మా?"

"నిద్రపోతున్నానండీ. ఈయన మాంసం తేవడానికి మార్కెట్‌కి వెళ్లారు."

"కుక్కకు తిండి మీరెప్పుడైనా పెడతారా?"

"ఇదా?" మాస్టారు అడ్డొచ్చాడు. "ఫ్రీజర్ తలుపు తీస్తే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది."

"ఆ బొటనవేలికి కట్టేమిటమ్మా?"

"కూరగాయలు తరుగుతుంటే తెగిందండీ."

ఎస్సై తల ఊపి వీధి దాటింది. గుళికల దుకాణదారు ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"నేనేం చూళ్లేదండీ!"

"నేనింకా ఏం అడగలేదే?"

అతని నుదుటి మీద చెమట పట్టింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఆమె చాలామందిలో చూసింది. అయితే ఇతని చూపు మాటిమాటికీ ఎదురింటి వంటగది కిటికీ వైపే పోతోంది. తన మీద కేసు వచ్చినా ఫరవాలేదు, ఆ కిటికీ వెనకున్న మనిషికి ఏమీ కాకూడదన్నట్టుంది ఆ చూపు.

తొమ్మిదిన్నరకు ఎస్సై ముగ్గురినీ మాస్టారి దుకాణంలోకి పిలిచింది. బయట అప్పుడే జనం ఫోన్లు పట్టుకుని చేరుతున్నారు.

కవర్లోంచి ఎముక తీసి బల్ల మీద పెట్టింది.

"పన్ను దిగితే గుంట పడుతుంది, అంచు అరుగుతుంది. దీని మీద అన్నీ సూటి గీతలు. ఇది పంటి పని కాదు మాస్టారూ, చిన్న కత్తి పని. ఎవరో మాంసం గీకేసి, కుక్కే తిన్నట్టు ఎముకలు మూలన పడేస్తున్నారు."

"నా ఇంట్లోనా? ఎవరు?"

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వేలు తెగబట్టి నాకు దొరికారు."

భార్య తల వంచలేదు.

"నేనే. తాతగారు వారం నుంచి ఎముక ముట్టట్లేదు. నోటిదాకా తెచ్చుకుని మూలుగుతూ వదిలేస్తున్నారు. చెబితే మీరేమన్నారు? 'కడుపు మాడితే అదే తింటుంది' అన్నారు. చూడలేక ఆ మాంసం గీకి, మెత్తగా ఉడికించి పెట్టాను. ప్రతిసారీ వాంతొచ్చేది."

"మరి ఇవాళ?" అని ఎస్సై అడిగింది.

"ఇంతమంది ముందు ఆ ఎముక నోట్లో కుక్కుతారని భయమేసింది. తెల్లారకముందే ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, అక్కడే ఉంచి వచ్చాను. దవడలో చీముగడ్డట, పళ్లు పీకెయ్యాలట. పదకొండింటికి ఆపరేషన్."

ఎస్సై గుళికల అతని వైపు తిరిగింది. "మీరు చూశారు కదా?"

"చూశానండీ. చెబితే ఆ ఇంట్లో గొడవవుతుందని ఊరుకున్నా."

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. బయట ఎవరో "తాతగారూ! తాతగారూ!" అని అరుస్తున్నారు. పదమూడేళ్లుగా ఆ కుక్క పళ్లు అందరికీ తెరిచి చూపించాడు. ఈ వారం రోజుల్లో ఒక్కసారి కూడా తాను తెరిచి చూడలేదు. ఆ సిగ్గు అతని ముఖమంతా పాకింది.

"ఉడికించింది... తిన్నాడా?" అని భార్యను అడిగాడు.

"గిన్నె నాకేశాడు."

మాస్టారు కళ్లు తుడుచుకుని బయటికి వెళ్లాడు. "ఫంక్షన్ లేదు. తాతగారికి ఒంట్లో బాలేదు," అని అందరూ వినేటట్టు చెప్పాడు. కొన్ని ఫోన్లు అది కూడా వీడియో తీశాయి. అతను అడ్డు చెప్పలేదు.

తర్వాత గుళికల అతని ముందుకొచ్చి నిలబడ్డాడు. క్షమించమనడం మాస్టారికి ఏనాడూ చేతకాలేదు.

"నీ దగ్గర... పళ్లు లేని కుక్కలకు పెట్టే మెత్తటి తిండేమైనా ఉందా?"