గొట్టం లోపలి గీతలు

తెల్లవారేసరికి వంటింటి సింకు దగ్గర గరగరమని చప్పుడు మొదలైంది. కొత్త కోడలికి ఆ చప్పుడు వింటేనే పొద్దు మొదలైనట్టు. పెళ్ళై నాలుగు నెలలు కాలేదు, అప్పుడే ఈ ఇంటి చప్పుళ్ళన్నీ ఆమెకు సొంతమైపోయాయి. భర్త స్నానాలగదిలో తీసే కూనిరాగం, గాలికి కొట్టుకునే కిటికీ రెక్క, అన్నీ. అద్దం ముందు ఒకే కప్పులో రెండు బ్రష్షులు ఒకదానిమీద ఒకటి వాలి ఉండటం చూసి రోజూ ఓసారి నవ్వుకునేది.

సింకు దగ్గర అత్తగారు కడుగుతున్నది మామగారి గొట్టం. రెండేళ్ళ కిందట ఆయన గొంతుకి ఆపరేషన్ చేసి, మెడ ముందు రంధ్రంలో ప్లాస్టిక్ గొట్టం అమర్చారు. ఊపిరంతా అందులోంచే. దాని లోపల ఇంకో సన్నటి గొట్టం ఉంటుంది. రోజూ దాన్ని తీసి, కడిగి, మళ్ళీ పెట్టాలి. ఆ పని అత్తగారు ఎవరికీ ఇవ్వదు. గిన్నెలు తోమే గరుకు పీచులోంచి చిన్న ముక్క కత్తిరించి, అల్లిక సూదికి చుట్టి, గిన్నెల పొడి అద్ది, గొట్టంలో దూర్చి గిరగిరా తిప్పుతుంది.

"చూశావా అమ్మాయ్, అద్దంలా ఉంది," అంది గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూపిస్తూ.

"మీ చేతిలో పడ్డాక మెరవక ఏం చేస్తుంది అత్తయ్యా."

కుర్చీలో కూర్చున్న మామగారు మెడ దగ్గర గొట్టానికి వేలు అడ్డుపెట్టుకున్నారు. రైల్వేస్టేషన్లో బళ్ళ రాకపోకలు ప్రకటించి రిటైరైన మనిషి. ఇప్పుడు వేలు అడ్డుపెడితేగాని మాట రాదు. "ఏదో ఒకరోజు మా ఇన్‌స్పెక్టరమ్మ నన్ను కూడా తోమి బోర్లించేస్తుంది," అన్నారు గరగరలాడే గొంతుతో.

"మీరు ప్రతిదాంట్లో వేలు పెట్టకండి," అంది ఆవిడ.

ఆయన చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఆగలేదు. అత్తగారు చేతులు తుడుచుకుని ఆయన నుదురు పట్టుకుని చూసింది. మళ్ళీ వెచ్చగా ఉంది.

ఆయన రెండోసారి ఆస్పత్రి నుంచి వచ్చి పది రోజులు కాలేదు. ఊపిరితిత్తులు బలహీనపడ్డాయని, మళ్ళీ ఇన్ఫెక్షన్ వస్తే తట్టుకోవడం కష్టమని డాక్టరు ముందే చెప్పాడు.

"ఈ జ్వరాలు ఎప్పట్నుంచో తెలుసా నీకు?" అంది అత్తగారు కోడలివైపు తిరగకుండానే. "నువ్వొచ్చిన దగ్గర్నుంచి."

భర్త టై చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. "అమ్మా, తనేం చేసింది?"

"నువ్వు టై కట్టుకోరా. పురుగుల్ని పెంచే ఉద్యోగం నీది కాదు, దానిది."

కోడలి ఉద్యోగం వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీ ల్యాబులో. ఏ గొట్టానికి ఎన్ని బాక్టీరియాలు అతుక్కుంటున్నాయో చూడటం ఆమె పని. వచ్చిన కొత్తలో ఆ కబుర్లన్నీ భోజనాల బల్ల దగ్గర తనే ఉత్సాహంగా చెప్పింది.

"కోటూ చేతితొడుగులూ అక్కడే వదిలేస్తాం అత్తయ్యా. చేతులు కడుక్కోకుండా గుమ్మం దాటనివ్వరు."

"మరి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఈ ఇంట్లో దుమ్ము చూపించు, నా చెవి కోసిస్తాను." ఆవిడ గొంతు తగ్గింది. "ఆ ఉద్యోగం మానెయ్. లేదా ఇద్దరూ వేరే ఇల్లు చూసుకోండి. కోపంతో అనడంలేదు. నాకు ఆయన కావాలి."

కొడుకు తండ్రిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి కారు తాళాలు వెతుక్కున్నాడు. కోడలు కాఫీ కప్పు కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళింది. అక్కడ అల్లిక సూది, దానికి చుట్టిన పీచు కనిపించాయి. రోజూ చూస్తున్నవే. ఇవాళే చూసినట్టుంది.

"దీంతో ఎప్పట్నుంచి తోముతున్నారు అత్తయ్యా?"

"మీ పెళ్ళప్పట్నుంచి. గొట్టం అంచు పచ్చబడింది. ఆస్పత్రివాళ్ళిచ్చిన మెత్తటి బ్రష్షుకి పోలేదు. నలుగురూ వచ్చే వేళ ఆయన మెడలో ఆ మరకేమిటని..."

"దీంతో తోమిన పాత గొట్టం ఒకటి ఇస్తారా?"

"పారేసేదానితో నీకేం పని?" అంటూనే కాగితంలో చుట్టి ఇచ్చింది.

మధ్యాహ్నం ల్యాబులో ఆ గొట్టాన్ని నిలువునా చీల్చి, కొత్తదాని పక్కన పెట్టి, మైక్రోస్కోపులో చూసింది. ఎక్కువసేపు చూడవలసిన అవసరం రాలేదు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని ఎలా చెప్పాలా అని ఆలోచించింది. తన తప్పు లేదని చెప్పాలంటే ఆవిడ తప్పు చూపించాలి. వేరే దారి దొరకలేదు.

సాయంత్రం మామగారు మందులు వేసుకుని పడక్కుర్చీలో ఉన్నారు. కోడలు ఫోనులో మైక్రోస్కోపు ఫొటో తెరిచి అత్తగారి చేతిలో పెట్టింది.

"ఏమిటిది? దున్నిన చేనులా ఉంది."

"మావయ్యగారి గొట్టం లోపలి భాగం. పక్కది కొత్త గొట్టం."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "నేను అద్దంలా తోమాను కదే."

"కంటికి అద్దంలానే ఉంటుంది. నాకూ అలాగే కనబడింది. నున్నగా ఉన్నచోట క్రిములకి పట్టు తక్కువ, కడిగితే చాలావరకు పోతాయి. గీతల్లో దూరితే మాత్రం జిగురు కప్పుకుని కూర్చుంటాయి. అడుగున ఉన్నవాటికి నీళ్ళు అందవు."

"ఇంకా గట్టిగా తోమితే?"

"ఇంకో గీత పడుతుంది అత్తయ్యా."

అత్తగారు కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఆ బొమ్మని వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

"జ్వరానికి ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను," అంది కోడలు. "ఫొటో డాక్టరుగారికి పంపాం. గొట్టాలన్నీ మార్చి, పీచు మానెయ్యమన్నారు. మీ అబ్బాయి కొత్తవి తెచ్చారు."

"రోజూ నా చేత్తోనే పెట్టాను," అంది ఆవిడ. కన్నీళ్ళు జారి ఫోను మీద పడితే కొంగుతో ఫోనునే తుడిచింది. "పైగా నిన్ను ఇల్లు వదిలి పొమ్మన్నాను."

"పొమ్మనలేదు, వేరే ఇల్లు చూసుకోమన్నారు. నేనింకా చూడటం మొదలుపెట్టలేదు."

ఆవిడకి నవ్వు రాలేదుగాని, కోడలి చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

గొట్టం కడిగే వేళయింది. కోడలు గోరువెచ్చని సబ్బునీళ్ళు, కొత్త మెత్తటి బ్రష్షు తెచ్చి బల్లమీద పెట్టింది. అత్తగారు చేతులు ఒళ్ళో దాచుకుంది.

"నువ్వే కడుగు అమ్మాయ్. నా చెయ్యి ఇంక దానికి పనికిరాదు."

కోడలు బ్రష్షు తీసుకోబోతే మామగారు ముందుకి వంగి దాన్ని అందుకున్నారు. భార్య ఒళ్ళోంచి చెయ్యి లాగి అందులో పెట్టారు. తర్వాత గొట్టానికి వేలు అడ్డుపెట్టుకుని, "ఏమే, నీళ్ళు చల్లారిపోతున్నాయి," అన్నారు.

ఆవిడ లేచింది. ఆయన గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నారు. లోపలి గొట్టం తీసి, నీళ్ళలో ముంచి, బ్రష్షు ఒకసారి నెమ్మదిగా తిప్పింది. మళ్ళీ ఒకసారి.

"ఇంత చాలా?" అని కోడల్ని అడిగింది.

"చాలు అత్తయ్యా."

"ఇంకొంచెం..."

"చాలు."

మనసొప్పకపోయినా, ఆవిడ బ్రష్షు కింద పెట్టేసింది.