లోపల మనిషి ఉన్నప్పుడు

మెట్ల మధ్యలోంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి.

సూర్యాపేటలో కొత్తగా కట్టిన బట్టల షాపులో నాగరాణికి అది మొదటి రోజు. షాపు ప్రారంభం ఇంకా కాలేదు. చీరల కట్ట ఎత్తుకొని వస్తూ ఎస్కలేటర్ వైపు చూసింది. మధ్యలో కొన్ని మెట్లు లేవు. ఆ చోట నల్లటి సందు. సందులోంచి మోకాళ్ల దాకా ఒక మనిషి.

చీరలు కింద పడ్డాయి. పరుగున వెళ్లి ఆ కాళ్లు రెండూ పట్టుకొని బలం కొద్దీ లాగింది.

"ఎవరది, ఇడువు. ప్యాంటు ఊడొస్తది," లోపలి నుంచి గొంతు వినిపించింది.

"బతికే ఉన్నవా?"

"ఇప్పటిదాక ఉన్న. నువ్వు గిట్లనే లాగితే చెప్పలేను."

ముఖమంతా గ్రీజుతో ఒక కుర్రాడు వెనక్కి జరిగి లేచి కూర్చున్నాడు. పేరు పర్వతాలు. తిరుమలగిరి దగ్గర గొర్లు కాసే ఇంటివాడు. ఐటీఐ చదివి ఎస్కలేటర్లు బిగించే పనిలో చేరాడు. అతను నవ్వాడు. నాగరాణి నవ్వలేదు. కింద పడ్డ చీరలు ఏరుకుంది.

ఓనరు మురళీధర్ ఆమెకు ఇచ్చిన డ్యూటీ కూడా ఆ ఎస్కలేటర్ దగ్గరే. ఎక్కడానికి భయపడే ఆడవాళ్ల చెయ్యి పట్టుకోవాలి, కొంగూ కుచ్చిళ్లూ ఎత్తిపట్టుకోమని చెప్పాలి. అసలు సంగతేమిటంటే తనకే దాని మీద కాలు పెట్టాలంటే భయం. ఎవరికీ చెప్పలేదు. పర్వతాలు మాత్రం కనిపెట్టేశాడు.

"అందరి చెయ్యి నువ్వు పట్టుకుంటవ్. మరి నీ చెయ్యి ఎవరు పట్టుకోవాలె, మేడమ్?"

"పక్కన రెయిలింగు ఉన్నది గద."

అతను ఓడిపోయినట్టు తల వంచాడు. ఆమె కళ్లు ఒక్క క్షణం అతని మీద ఆగి, మళ్లీ మెట్ల మీదికి పోయాయి.

"అంచు మీద నిలబడితే మెట్టు తిరగబడదా?"

అతను విప్పి పెట్టిన మెట్టు ఒకటి తెచ్చి ఆమె ముందు బోర్లా వేశాడు.

"ఎడ్లను ఇప్పిన బండిని చూసినవా? ఎనక బరువుంటే ముందర పైకి లేస్తది."

"రెండు చక్రాలే గద. లేస్తది మరి."

"దీనికి ముందర రెండు, ఎనక రెండు. ముందటియి చైనుకు కట్టి ఉంటయ్. ఎనకటియి వేరే పట్టాల మీద నడుస్తయ్. అందుకే దారి ఏటవాలుగ ఉన్నా మెట్టు సాపుగనే ఉంటది."

"ఎనక చక్రం ఎగిరితే?"

"దాని నెత్తి మీద ఇంకో పట్టి ఉంటది. ఎగరనియ్యది."

"ఆ పట్టి ఊడితే?"

"మెట్టు జరంత ఒరిగినా స్విచ్చు పడి మిషిన్ ఆగుతది."

"స్విచ్చు ఖరాబైతే?"

పర్వతాలు తల గోక్కున్నాడు. "చాయ్ తాగి చెప్త. నువ్వు సుత రా."

అలా మొదలైంది. రోజూ చాయ్, రోజూ కొత్త భయం. ఆమె అడగడం, అతను చెప్పడం. ఆమె మెట్టు మూల మీద కాలు పెట్టి నొక్కి చూసేది. అతను మెట్టును చూడకుండా ఆమె మువ్వల పట్టీని చూసేవాడు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ బస్టాండులో నిలబడ్డారు. ఆమె వెళ్లాల్సింది మునగాల.

"మా నాయనను మీ ఇంటికి పంపుదునా?" వాన వైపే చూస్తూ అడిగాడు.

"వద్దు."

"నచ్చలేదా?"

"నచ్చినవ్. అదే పరేషాన్." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "మా నాయన మిర్యాలగూడల రైసుమిల్లు పని చేసేటోడు. బెల్టు సాఫ్ చెయ్యనీకె దిగిండు. స్విచ్చు కాడ దోస్తును కావలి పెట్టే దిగిండు. ఆ దోస్తును ఎవరో పిలిస్తే అటు పోయిండట. ఇంకొకడు వచ్చి స్విచ్చేసిండు. కుడిచెయ్యి పోయింది. మా అమ్మ ఇప్పటికీ ఏ మోటరు చప్పుడైనా గడపలకు ఉరుకుతది. నేను గట్ల బతకలేను."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ దగ్గర కూర్చొని, అతను కనిపించనంత దూరం పోయాక ఏడ్చింది.

శ్రావణ శుక్రవారం షాపు ప్రారంభం. ఓనరు తల్లి కొత్త లారీకి చేసినట్టే అన్నీ చేయించింది. పసుపు, కుంకుమ, మామిడి తోరణం. తొక్కించాలని మెట్ల మీద నిమ్మకాయలు పెట్టి ఎస్కలేటర్‌ను ఒకసారి నడిపించింది. లారీ చక్రం కింద నిమ్మకాయ అక్కడికక్కడే చితుకుతుంది. ఇక్కడ అవి దర్జాగా పైదాకా వెళ్లి, మెట్టు లోపలికి దిగే చోట దువ్వెన పళ్లలాంటి వాటిలో నలిగి ఇరుక్కున్నాయి. మిషన్ ఆగింది. ఓనరు ఇంకా రానేలేదు.

మురళీధర్ వచ్చేసరికి కింద సన్నాయి మోగుతోంది. నాగరాణి హారతి పళ్లెంతో నిలబడి చుట్టూ వెతికింది.

"పర్వతాలు ఏడి?" ఊడ్చే శాంతాబాయిని అడిగింది.

"నిమ్మకాయ తీయనీకె పైన మూత ఇప్పి లోపటికి దిగిండు బిడ్డా."

నాగరాణి పైకి చూసింది. లోపల పని జరుగుతోందని అడ్డంగా పెట్టే పసుపు బోర్డు లేదు. అరటి చెట్లు కట్టేవాళ్లు దాన్ని గోడ వారకు జరిపేశారు.

"ముహూర్తం దాటిపోతున్నది," అన్నాడు పంతులు.

మురళీధర్ స్టార్టు స్విచ్చుకు కుంకుమ బొట్టు పెట్టాడు.

"సార్, ఆగుండ్రి. లోపల మనిషి ఉన్నడు."

సన్నాయిలో నాగరాణి అరుపు ఎవరికీ వినపడలేదు. స్విచ్చు తిరిగింది.

మెట్టు కదల్లేదు. మళ్లీ తిప్పాడు. కదల్లేదు. అపశకునమని ఎవరో గొణిగారు. నాగరాణి అదేమీ వినలేదు. పళ్లెం శాంతాబాయి చేతిలో పెట్టి, ఏ మెట్ల మీద కాలు పెట్టడానికి ఇన్నాళ్లూ వణికిందో ఆ మెట్ల మీదే పైకి పరుగెత్తింది.

పైన గుంటలోంచి తల బయటికి వచ్చింది. చేతిలో నిమ్మ తొక్క.

"ఎంత తిప్పినా నడవది సార్," పర్వతాలు కిందికి వినపడేలా చెప్పాడు. "మెయిన్ స్విచ్చుకు తాళం ఏసి దిగిన."

"ముహూర్తం కాడ ఆగింది గదనయ్యా," అన్నాడు మురళీధర్.

"లోపల మనిషి ఉండంగ నడిస్తేనే అపశకునం సార్."

నాగరాణి పై మెట్టు మీదే కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక షాపు వెనక రేకుల కింద పర్వతాలును పట్టుకుంది. రేకుల మీద చినుకులు పడుతున్నాయి.

"ఆ తాళం చెవి నాకియ్యి. నువ్వు లోపల ఉన్నంతసేపు నేను పట్టుకొని నిలబడ్త."

"ఇయ్య."

"నా మీద నమ్మకం లేదా?"

"మస్తుగ ఉన్నది. అయినా ఇయ్య. దిగినోని జేబుల నుంచి చెవి బయటికి రావద్దు. మా అమ్మ అడిగినా ఇయ్య. నువ్వు అలిగి మాట్లాడకున్నా ఇయ్య."

వాన జల్లు పక్కనుంచి కొడుతున్నా ఎవరూ జరగలేదు.

"ఐతారం మునగాల రా," అంది చివరికి. "మీ నాయనను సుత తోల్కరా."

ఆదివారం నాగరాణి తండ్రి కొమురయ్య ఎడమ చేత్తో కుర్చీ జరిపి వాళ్లను కూర్చోబెట్టాడు. జీతం అడగలేదు, భూమి అడగలేదు. కూతురు తలుపు వెనక నిలబడి వింటోంది.

"నా బిడ్డ బతిమాలినా చెవి ఇయ్యలేదట?"

"ఇయ్యలేదు మామా."

కొమురయ్య ఖాళీ చొక్కా చేతిని సర్దుకున్నాడు. తర్వాత ఆయన పర్వతాలు వాళ్ల నాయన వైపు తిరిగాడు.

"గిసోంటోనికైతే బిడ్డనిస్త బావా. పిల్ల జర నిద్రపోతది."