లాఫీ వాళ్ళింట్లో మూడో చరణం

చీకటి పడ్డాక లాఫీ వాళ్ళ పాడుబడ్డ ఇంటివైపు పోవద్దు — మా కానెమారా తీరంలో ఎవర్నడిగినా చెప్పే మాట ఇది. ఆ ఇంట్లో పొయ్యి రాజేసి రెండు తరాలు దాటింది. అయినా లోపల ఎవరో పాడతారు. సగం విని పరుగందుకున్నవాళ్ళే గాని, చివరిదాకా విన్నవాడు ఒక్కడూ లేడు.

మా ఊరి పిల్ల ఎత్నా మాత్రం నవ్వి పారేసేది. "ఇంతకీ ఆ దెయ్యానికి శ్రుతి ఉందా లేదా, అది తేల్చండి ముందు" అని పబ్బులో పెద్దవాళ్ళ నోళ్ళు మూయించేది.

ఆ నవంబరు సాయంత్రం మాత్రం ఆమె మొహంలో నవ్వు లేదు. ఆ పూట ఊరి హాల్లో పాటల కచేరీ. ఎత్నా పాడాల్సింది బాబ్ అనే వాళ్ళమ్మమ్మ నేర్పిన పాట. పడవెక్కి వెళ్ళి తిరిగిరాని మొగుడి కోసం ఒకావిడ ఒడ్డున నిలబడి పాడే పాట. నాలుగు చరణాలు. అమ్మమ్మ వసంతంలో పోయింది. ఎత్నా దగ్గర మూడే మిగిలాయి.

పోయింది మూడో చరణం. ఆవిడ ఏడుపు ఆపి, సముద్రాన్ని మొహమ్మీదే నిలదీసే చరణం. తీరమంతా తిరిగి అడిగినా ఎవరికీ రాదన్నారు. ఇవాళ దొరక్కపోతే ఇక ఎప్పటికీ లేనట్టే.

కచేరీ నడిపే గ్రీలిష్ మాస్టారు, మూడు పాడితే చాలు, టీ చల్లారిపోతుంది అన్నాడు.

"సముద్రాన్ని దులిపెయ్యకుండా ఒట్టి ఏడుపే పాడితే, అమ్మమ్మ లేచొచ్చి నన్ను దులుపుతుంది మాస్టారూ. పాడితే మొత్తం పాడతా. లేదంటే నోరే విప్పను."

"నోరు విప్పకుండా ఉండటం... నీవల్ల అవుతుందా?" అన్నాడాయన.

ఆ మంటతోనే హాలుకి నడుస్తోంది. సగం దారిలో ఆకాశం చిల్లుపడ్డట్టు వడగళ్ళు. చుట్టుపక్కల కప్పున్నది ఒక్కటే ఇల్లు.

లాఫీ వాళ్ళది.

దూరింది. లోపల కళ్ళు పొడుచుకున్నా కనిపించని చీకటి. తడిసిన మట్టి వాసన. అప్పుడు... నెత్తిమీద... అటక మీంచి...

పాట. అమ్మమ్మ పాట.

ఎత్నా కాళ్ళు గుమ్మం వైపు తిరిగాయి. చెవులు మాత్రం కదల్లేదు. మొదటి చరణం అయింది. రెండోది అవుతోంది... తర్వాత మూడోది. పారిపోతే చరణం పోతుంది. ఉంటే ప్రాణం పోతుంది. ఎన్ని వాదనల్లో నెగ్గిన పిల్లయినా, ఇక్కడ ఏ పక్షం తీసుకోవాలో తేల్చుకోవడానికి ఒక చరణం పట్టింది.

ఉండిపోయింది.

మూడో చరణం వచ్చింది. "నా మనిషిని ఎక్కడ దాచావే దొంగా..." అని సముద్రాన్ని కడిగేసే ఆ నాలుగు పాదాలూ. మర్చిపోతానన్న భయం దెయ్యం భయాన్ని మింగేసింది. కళ్ళు గట్టిగా మూసుకుని తనూ గొంతెత్తింది.

పై గొంతు టక్కున ఆగిపోయింది.

నిశ్శబ్దం... ఆ నిశ్శబ్దంలో ఎవరో ఆమె కుడిచెయ్యి పట్టుకున్నారు.

మాలో పాట నచ్చితే పక్కనున్నవాళ్ళు పాడేవాళ్ళ చెయ్యి అందుకుని, తిరగలి తిప్పినట్టు నెమ్మదిగా తిప్పుతారు. అలా తిరిగే చెయ్యి లాక్కోవడమంత అమర్యాద ఇంకోటి లేదు. పైగా అమ్మమ్మ పాట నేర్పిందే అలా తిప్పుతూ. తప్పు పాడితే బొటనవేలితో గట్టిగా నొక్కేది. ఒప్పు వచ్చేదాకా వదిలేది కాదు.

ఎత్నా చెయ్యి లాక్కోలేదు. కళ్ళూ తెరవలేదు. పాడింది. "దొంగా" దగ్గర బొటనవేలు నొక్కింది. మళ్ళీ పాడింది. మళ్ళీ నొక్కింది. మూడోసారి, ఎక్కణ్ణించి వచ్చిందో, నోటికి వేరే మాట వచ్చింది — "నా మనిషిని ఎక్కడ దాచావే అత్తా..."

చెయ్యి హాయిగా తిరగసాగింది.

నాలుగో చరణం కూడా అయ్యాక, పాట చివరి పాదం మా ఆనవాయితీ ప్రకారం పాడకుండా మామూలు మాటలా అనేసింది. ఆ చెయ్యి ఆమెను వదిలేసింది. కళ్ళు తెరిస్తే — చీకటి. అంతే, ఎత్నా పట్టిన పరుగు హాలు గుమ్మం దగ్గర ఆగింది.

ఆ సాయంత్రం పాట మొత్తం పాడింది. సముద్రాన్ని "అత్తా" అని నిలదీసేసరికి హాలంతా గొల్లున నవ్వింది. "దేవుడు నీ తోడు పిల్లా" అని వెనక నుంచి కేకలు. అప్పుడే వచ్చిన ఫెస్టీ తాత, అమ్మమ్మ ఈడువాడు, కోటుకి ఎండుగడ్డి అంటించుకునే ముందుకొచ్చి ఆమె చెయ్యి అందుకుని తిప్పాడు. ఎండ్రకాయలు పట్టే బుట్టలు లాగిలాగి కాయలు కాసిన చెయ్యి. అందరూ నోరెళ్ళబెట్టారు. పాటల ఊసెత్తనని ఆయన ఒట్టు పెట్టుకుని ఏళ్ళయింది.

టీ దగ్గర ఎత్నా చెవిలో గుసగుసలాడాడు. "ఇందాక లాఫీ వాళ్ళింట్లో కింద పాడింది నువ్వేనటే? బాబే లేచొచ్చిందనుకుని నా పైప్రాణాలు పైనే పోయాయి."

అప్పుడు తెలిసింది సంగతంతా. ఎప్పుడో తాత పాడుతుంటే మధ్యలో, టీ చల్లారుతోంది తొందరగా కానివ్వమన్నాట్ట గ్రీలిష్ మాస్టారు. ఆ రోషంతో నలుగురిలో పాడనని ఒట్టు. కానీ గొంతు ఊరుకోదుగా. అందుకని ఆ అటక. ఇన్నేళ్ళూ తీరాన్ని హడలగొట్టిన దెయ్యం ఫెస్టీ తాతే. పాట తనకొచ్చని ఒప్పుకుంటే పాడమంటారని, అడిగినప్పుడు తల అడ్డంగా ఊపాడట.

ఎత్నా కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

"సరేగాని, నేను పాడింది దొంగా అని" అన్నాడు తాత. "బాబ్ అత్తా అనేది. నువ్వు పాడాక గుర్తొచ్చింది. నీకెవరు చెప్పారే?"

"నువ్వే కదా తాతా. చీకట్లో నా చెయ్యి పట్టుకుని, బొటనవేలితో నొక్కి నొక్కి మరీ..."

తాత కప్పు కింద పెట్టాడు.

"నువ్వు పరిగెత్తిన చప్పుడు అయ్యేదాకా నేను అటక దిగనేలేదే..."

ఎత్నా కుడిచెయ్యి నెమ్మదిగా కోటు జేబులో పెట్టుకుంది — అందులో ఇంకెవరి చెయ్యో ఉన్నట్టు, జాగ్రత్తగా. గ్రీలిష్ మాస్టారు రెండో కప్పు తెచ్చిచ్చినా, ఎడమచేత్తోనే అందుకుంది.