వేళాంగణికి రెండు టికెట్లు

"రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేది నువ్వేనా?"

శాంతికుమార్ తలెత్తాడు. ఖమ్మం వైరా రోడ్డులో షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర అతని క్రెడిట్ కార్డుల టేబుల్. బయట మార్చి నెలలో అకాల వర్షం. మార్కెట్ యార్డులో మిర్చి తడిసిపోతోందని జనం పరుగులు తీస్తుంటే, ఈ అమ్మాయి మాత్రం తడిసిన జడ భుజం మీద వేసుకుని అతని మీదికి యుద్ధానికి వచ్చినట్టు నిలబడింది. జడ చివర నుంచి నీళ్లు అప్లికేషన్ ఫారాల మీద టపటపా పడుతున్నాయి.

"సారీ మేడం. లిస్టుల నంబరుంటే..."

"వార్డుల సూది పట్టుకుంటే నీ ఫోన్. బాలింతను చూస్తుంటే నీ ఫోన్. చర్లల సిగ్నల్ దొరకుడే కష్టం. దొరికిందా, నువ్వే!"

అతనికి నవ్వాగలేదు.

"నవ్వకు. నువ్వు ఫోన్ల చెప్పిన జాగకే, కార్డు తీసుకుందామనే వచ్చిన. విమానం పాయింట్లొచ్చేది కావాలె."

ఆమె పేరు ఆరాధన. చర్ల సర్కారు దవాఖానాలో కాంట్రాక్టు నర్సు. చిన్నప్పుడు మలేరియాతో చావు దాకా పోతే, బతికితే తమిళనాడులోని వేళాంగణి మాత దగ్గరికి తీసుకొస్తానని తల్లి విశ్రాంతమ్మ మొక్కుకుంది. ఇరవై ఏళ్లయింది. ఆ మొక్కు తీరలేదు. ఇప్పుడు తల్లికి వెన్నెముక అరిగి కాళ్లలో సత్తువ తగ్గుతోంది.

"ఆగస్టు లోపే తీసుకపొమ్మన్నడు డాక్టర్. తర్వాత లేవలేదంట. రైలుల అంతసేపు అమ్మ కూర్చోలేదు. విమానమైతే హైదరాబాద్ నుంచి చెన్నై దాకా గంటన్నర."

"టికెట్లు కొనొచ్చు కదా?"

"కొనే పైసలుంటే నీ దగ్గరికెందుకొస్త?"

అతను రెండు కార్డుల కాగితాలు ముందు పెట్టాడు. నీలం కార్డుకు ఫీజు లేదు. కిరాణా కొట్టులో ఫోన్‌తో కట్టినా ఎంతో కొంత వెనక్కి వస్తుంది. నల్ల కార్డు మీద విమానం బొమ్మ. దానికి ట్రావెల్ పాయింట్లు.

"మీ చెల్లెకైతే ఏదిస్తవ్?" అని అడిగింది ఆరాధన, అతని కళ్లలోకి సూటిగా చూస్తూ.

నీలందే ఇచ్చేవాడు. ఆ సంగతి అతనికి తెలుసు. కానీ అది నెలాఖరు. మేనేజర్ కోటేష్ పొద్దున్నుంచి ఫోన్ చేసి తిడుతున్నాడు. టార్గెట్‌కు ఒక్క నల్ల కార్డు తక్కువ.

"నల్లదే మేడం. నాలుగు నెలల్ల రెండు టికెట్లు," అన్నాడు. అతని నాలుక తడబడలేదు.

కార్డు అందిన వారానికే ఆమె ఫోన్ చేసింది. "ఓ సారూ, చర్లల ఎవరి దగ్గరా స్వైప్ మిషన్ లేదు. ఈ కార్డుతోని ఏం గీకాలె, వీపా?"

"భద్రాచలం రండి. నేనొస్త, చూపిస్త."

అట్లా మొదలయ్యాయి ఆదివారాలు. ఖమ్మం నుంచి అతను మూడు గంటలు, చర్ల నుంచి ఆమె రెండు గంటలు. ఆఫీసులో కస్టమర్ విజిట్ అని చెప్పేవాడు. పాయింట్ల కోసం ఆమె ఊరందరి దగ్గర డబ్బులు తీసుకుని వాళ్ల సామానూ తన కార్డు మీదే కొనేది. పక్కింటి యశోదకు మిక్సీ, దవాఖానా కాపలాదారు రెడ్యాకు టార్చిలైటు. ఆ సంచులన్నీ అతనే మోసేవాడు. బస్టాండు పక్క హోటల్లో ఒక్క దోసె తెప్పించి సగం అతని వైపు నెట్టేది. మేలోనే తొలి జల్లు పడిన ఒక ఆదివారం ఒకే గొడుగు కింద నడుస్తూ అడిగింది.

"మీ ప్రొటెస్టెంట్ల చర్చిల మాతకు కొవ్వొత్తి పెట్టరంట కదా?"

"పెట్టం."

"నాకోసం పెడ్తవా?"

అతను గొడుగును ఆమె వైపు ఇంకొంచెం జరిపాడు. ఎడమ భుజం మొత్తం తడిసింది. ఆమె చూసి, చూడనట్టే నవ్వింది. ఆ నవ్వుకు అతనికి వారం రోజులు అన్నం సహించలేదు.

ఎందుకంటే అతనికి లెక్క తెలుసు. ఆమె ఖర్చుకు రెండు టికెట్లు రావాలంటే నాలుగు నెలలు కాదు, ఏడాదిన్నర పట్టినా పడుతుంది. ప్రతి ఆదివారం చెప్పేద్దామనే బస్సెక్కేవాడు. ప్రతి ఆదివారం ఆమె "ఇంకెన్ని దినాలు?" అనేది. "అయిపోతది" అనేవాడు. చెబితే ఆమె మళ్లీ రాదు. ఆ భయం ముందు విశ్రాంతమ్మ కాళ్లు అతనికి గుర్తుకు రాలేదు. తర్వాత తల్చుకుంటే అదే అతన్ని నిద్రపోనివ్వలేదు.

జులైలో ఆమె ఫోన్ అతని ముందు పెట్టింది. "టికెట్లు బుక్ చెయ్. ఇదేంది, సగం కూడా కాలేదంటుంది? తప్పు చూపెడ్తుందా?"

"తప్పు కాదు."

"అంటే?"

"నాలుగు నెలలని అబద్ధం చెప్పిన. అప్పుడు నాకు టార్గెట్ ఉండె. తర్వాత... చెప్తే నువ్వు రావని భయమైంది."

ఆరాధన ఫోన్ తీసి సంచీలో వేసుకుంది. దోసె చల్లారిపోయింది.

"ఏప్రిల్ల చెప్తే సరిపోతుండె, శాంతీ. చిట్టీ పాడుకోని అయినా తీసుకపోయేదాన్ని. అప్పుడు అమ్మ నడుస్తుండె." గొంతు పెంచకుండానే అంది. "మొన్నటి నుంచి గోడ పట్టుకున్నా నిలబడ్తలేదు."

సంచీ తీసుకుని వెళ్లి బస్సెక్కింది. అతను కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. ఆమె అద్దం మూసేసింది. వాన ఆ అద్దం మీద ఆమె ముఖాన్ని చెరిపేసింది.

ఆ తర్వాత ఫోన్ కలవలేదు. గోదావరి పొంగి చర్ల దారి తెగింది. శాంతికుమార్ ఉద్యోగం మానేశాడు. బండి అమ్మి, చెన్నైకి రెండు విమాన టికెట్లు కొన్నాడు. దారి తెరిచిన రోజే మొదటి బస్సు ఎక్కాడు.

చర్ల అడవి అంచున మావోయిస్టుల కోసం పెట్టిన క్యాంపు దగ్గర పోలీసు ఆపాడు. "ఎవరింటికి?"

"నర్సు ఆరాధన ఇంటికి."

"ఏమైతవు ఆమెకు?"

ఏమవుతాడు? "కార్డు ఇచ్చినోణ్ని సార్," అన్నాడు చివరికి.

విశ్రాంతమ్మ మంచం మీద ఉంది. దుప్పటి కింద కాళ్లు కదలడం లేదు. మంచం పక్కన ఆరాధన అతన్ని చూసి లేవలేదు, పొమ్మనలేదు.

"కాళ్లు పూర్తిగ పడిపోయి పది దినాలైంది," అంది. "విమానమైనా, ఏదైనా, ఇగ పోయేది లేదు."

అతను మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. జేబులోంచి టికెట్ల కాగితం తీశాడు.

"ఏందది, కొడుకా?" అంది విశ్రాంతమ్మ.

"టికెట్లు, అమ్మా."

"నా పేరున్నదా దాంట్ల?"

"ఉన్నది."

"చదువు."

"విశ్రాంతమ్మ. పన్నెండో వరస. కిటికీ పక్క సీటు."

ముసలామె కళ్లు మూసుకుంది. "ఇంకోసారి చదువు."

రెండోసారి సగంలోనే ఆపి కాగితం మంచం మీద పెట్టేశాడు. "నావల్లే, అమ్మా. మీ బిడ్డను చూడకుంట ఉండలేక మీ నోట్ల మన్ను కొట్టిన. ఆమె అంటే నాకు ప్రాణం. గా మాట కూడా సక్కగ చెప్పలేకపోయిన."



"నేనైతే నిన్ను క్షమించలే, బిడ్డా," అంది విశ్రాంతమ్మ మెల్లగా. "ఏసయ్య చూస్కుంటడు. కానీ ఇది ఏడ్చింది నా మొక్కు కోసమే కాదు. వారమంత మంచిగనే ఉండి ఆదివారం పొద్దున ఏడుస్తది. ఎందుకో నేను అడగలే."

"అమ్మా!" అంది ఆరాధన.

"మళ్ల వస్తవా, కొడుకా?"

అతను నోరు తెరిచేలోపు ఆరాధన లేచింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "వస్తడు. పుండ్లు పడకుంట పూటకు రెండుసార్లు తిప్పాలె నిన్ను. నా ఒక్కదానితోని అయితదా?" అని అతని వైపు తిరిగింది. "చేతులు కడుక్కో. అటు దిక్కు రా. నడుం కింద చెయ్యి పెట్టు. గట్ల కాదు, అరచెయ్యి పరిచి పెట్టు. నొప్పైతది, మెల్లగ."

విశ్రాంతమ్మ నడుం కింద అతని చేతికి ఆమె చెయ్యి తగిలింది. ఇద్దరూ కలిసి ఆ తేలికైన ఒంటిని కిటికీ వైపు తిప్పారు. బయట వాన ఇంకా తగ్గలేదు. తిప్పడం అయిపోయింది. అయినా ఆరాధన తన చెయ్యి తీయలేదు.