మూత పెట్టిన చేతులు

టెక్నీషియన్ శవం లిఫ్టు గుంటలో దొరికింది. యంత్రాలు ముట్టేముందు చేతికి కట్టుకునే యాంటీస్టాటిక్ పట్టీ ఇంకా అలాగే ఉంది.

"పనిలో ఉండగా చంపారు," అన్నాడు చీఫ్, ఫొటోను బల్ల మీదికి తోస్తూ. "అక్కడి మన సర్వర్ ర్యాక్‌లో ఏడో పోర్టులో ఉన్నది మన కబుర్లు వినడానికి శత్రువులు పెట్టిన మాడ్యూల్ అట. ఆ భవనం రిసెప్షనిస్టు మన మనిషే, కబురు పంపింది. మీ బావ సరిహద్దు ఎక్కడ దాటతాడో సాయంత్రం ఆ లైన్లోనే వస్తుంది. ఆలోగా మాడ్యూల్ మార్చాలి. కొత్తది ఆమె ఇస్తుంది."

డిపార్టుమెంటులో అందరూ పాదరసం అని పిలిచే ఆ ఏజెంటు, ఫొటో మీంచి చూపు తిప్పలేదు.

"అక్కకి తెలుసా?"

"మీ బావ టూర్లో ఉన్నాడనుకుంటోంది."

"అలాగే అనుకోనివ్వండి."

బూడిదరంగు యూనిఫాం, పెట్టుడు మీసం, టూల్ బ్యాగుతో పాదరసం ఆ భవనంలోకి నడిచాడు. రిసెప్షన్ కౌంటర్ వెనక ఎర్రటి గోళ్లు, సెంటు ఘుమఘుమ.

"లోపల చలెక్కువండీ," అందామె.

"మా అక్క అల్లిన స్వెటరుంది."

కోడ్ మాట సరిపోయింది. ఆమె సర్వర్ రూం తలుపు తెరిచింది. వెనకే తలుపు దానంతటదే మూసుకుంది. కిటికీ లేని గది. యంత్రాల హోరులో అరిచినా బయటికి వినపడదు.

"నాకీ వైర్లంటేనే భయం బాబూ! ఏది ముట్టుకుంటే ఏం పేలుతుందో!" అంటూ సీలు వేసిన ప్యాకెట్ అందించింది.

ఏజెన్సీ వాళ్ల వేలిముద్రకే తెరుచుకునే ర్యాక్ అది. పాదరసం చేతికి పట్టీ బిగించి, ముందు ఫైబర్ కేబుల్ ఊడదీశాడు. దాని కొసవైపు చూడలేదు. కంటికి కనిపించకుండానే కన్ను పోగొట్టే లేజర్ అది. కొసకి మూత పెట్టి, గొళ్లెం లాగి, బొటనవేలంత మాడ్యూల్‌ని బయటికి తీశాడు.

"ఒక్క క్షణం పట్టుకోండి."

ఆమె రెండు వేళ్లతో అంచులు మాత్రమే పట్టుకుంది. దాని మూతి తన ముఖంవైపు తిప్పుకోలేదు. రెండో చేయి ట్రేలో తడిమి, చూడకుండానే దుమ్ముకు అడ్డుపెట్టే డస్ట్ క్యాప్ తీసి మూతికి తొడిగింది.

వైర్లంటే భయపడే చేతులు కావవి.

పాదరసానికి అంతా అర్థమైంది. ఏడో పోర్టులో ఉన్నది మంచి మాడ్యూలే. దొంగది ఆమె ఇచ్చిన ప్యాకెట్లో ఉంది. దాన్ని పెట్టనన్నందుకే టెక్నీషియన్ చచ్చిపోయాడు.

"అతను కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోయాడు." ఆమె కుడిచేతిలో పిస్టల్. "కొత్తది పెట్టు."

ఏడో పోర్టు దీపం ఎర్రగా వెలుగుతోంది. ఏ క్షణమైనా బావ కబురు రావచ్చు.

"పెడతాను. క్లీన్ చెయ్యకుండా పెట్టెయ్యమంటావా? దుమ్ముంటే మీవాళ్లకి ఏమీ అందదు."

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. మురికి కొసని పోర్టులో పెట్టడం పని తెలిసిన ఆ చేతుల వల్ల కాదు.

"చెయ్యి. త్వరగా."

జేబులోంచి క్లీనింగ్ పెన్ తీసి నొక్కాడు. క్లిక్! అందులోని మత్తుసూది ఆమె మణికట్టులో దిగింది. ముందు పిస్టల్ జారింది, తర్వాత మాడ్యూల్, తర్వాత ఆమె.

అసలు క్లీనింగ్ పెన్ బ్యాగులో ఉంది. కొస తుడిచి, పాత మాడ్యూల్‌ని యథాస్థానంలోకి తోసి, కేబుల్ బిగించాడు. దీపం ఎరుపు... ఎరుపు... ఆకుపచ్చ. అదే క్షణంలో బావ కబురు మొదలైంది.

జరిగింది చీఫ్‌కి మెసేజ్ పెట్టగానే ఫోన్ మోగింది. "మీ బావ కోసం టీం బయల్దేరింది," చీఫ్ గొంతు తేలికపడింది. "ఆమె ఎలా ఉంది?"

"నిద్రపోతోంది సర్. నుదుట బొప్పి కట్టింది."

"పడిపోతుంటే పట్టుకోలేదా?"

"ఒక్క చేయే ఖాళీగా ఉంది సర్. మాడ్యూల్‌ని పట్టుకున్నాను."