వెనక గుండీల గౌన్లు

పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా టైలరు ఆరో గౌనుకు ఆఖరి గుండీ కుట్టి దారం కొరికాడు. ఆరింటికీ గుండీలు వీపు మీదే. చేతులు వెనక్కి అందని మనిషి ఎన్ని తంటాలు పడినా విప్పుకోవడం కుదరదు. నలభై ఏళ్ల కుట్టుపనిలో ఇంత పాడుపని అతనెప్పుడూ చెయ్యలేదు. కానీ కూతురు కుట్టమంది, కుట్టాడు.

వారం కిందట వృద్ధుల హోమ్ నుంచి ఫోనొచ్చింది. మతిమరుపు జబ్బుతో రెండేళ్లుగా అక్కడే ఉంటున్న అతని భార్య టీచరమ్మ, అదే జబ్బుతో ఎదురు గదిలో ఉంటున్న పోస్టుమాస్టరు మంచం మీద, ఒంటి మీద నూలుపోగు లేకుండా కనిపించిందట. ఆ రోజు నుంచి కూతురు నిప్పులు కక్కుతూనే ఉంది. ఇవాళ తండ్రితో కలిసి గౌన్లు పట్టుకుని హోమ్‌లో అడుగుపెట్టగానే నర్సమ్మ మీద విరుచుకుపడింది.

"మా అమ్మని పై అంతస్తుకి మార్చండి. నలుగురికీ తెలిస్తే తలెక్కడ పెట్టుకోవాలి మేము?"

"డాక్టరుగారూ నేనూ ఆవిడతో విడిగా మాట్లాడామమ్మా. బలవంతమేం లేదు. ఇష్టం లేని రోజు ఆయన చెయ్యి విదిలించుకుని వచ్చేస్తారు. ఇష్టమైన రోజు తనే వెళ్తారు."

"తన పేరే గుర్తులేని మనిషికి ఇష్టమేంటండీ!"

"పేరు గుర్తులేకపోయినా చలేస్తే దుప్పటి అడుగుతారు కదమ్మా. ఇదీ అంతే. మార్చాలంటే మాత్రం భర్తగా సార్ సంతకం పెట్టాలి."

"పెట్టు నాన్నా!"

టైలరు కాగితం కేసి చూశాడు. సంతకం పెడితే ఆ పోస్టుమాస్టరు పీడ విరగడవుతుంది. అతనికీ కడుపు మండుతూనే ఉంది మరి, రాయి కాదుగా.

"ముందు గౌను సరిపోయిందో లేదో చూద్దాం" అన్నాడు.

కూతురు తల్లి గదిలోకెళ్లి ఆమెకు గౌను తొడిగి వెనక గుండీలు పెట్టింది. టీచరమ్మ అద్దంలో చూసుకుని మురిసిపోయింది. ఇంతలో చేతులు వీపు మీదికి పోనిచ్చింది. అందలేదు. మళ్లీ ప్రయత్నించింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. టైలరు మెడలో మరిచిపోయిన టేపు చూసి దగ్గరికొచ్చింది.

"టైలరుగారూ, గుండీలు ముందుకి మార్చండి. మా ఆయనకి వెనక గుండీలు విప్పడం రాదు."

టైలరు మెడలోంచి టేపు తీసేశాడు. పెళ్లయిన కొత్తలో చేతులు వణికి వెనక గుండీలు విప్పలేకపోయింది తనే. "టైలరై ఉండి గుండీ విప్పడం రాదా!" అని పడీపడీ నవ్విందామె. ఆ తర్వాత ఆమెకు ఏం కుట్టినా ముందు గుండీలే పెట్టాడు. ఆ సంగతి వాళ్లిద్దరికే తెలుసు.

"మీ ఆయన ఎవరమ్మా?" అంది కూతురు.

టీచరమ్మ కొత్త పెళ్లికూతురిలా తలొంచుకుని ఎదురు గది వైపు వేలు చూపించింది.

టైలరు మంచం అంచున కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. కూతురు తండ్రి భుజం పట్టుకుంది. తర్వాత తల్లి వీపు మీది గుండీలు ఒక్కొక్కటే విప్పి, పాత గౌను తొడిగింది. సంతకం లేని కాగితం తీసుకెళ్లి నర్సమ్మకిచ్చేసింది.

"సాయంత్రానికల్లా గుండీలు ముందుకి మార్చి తెద్దాం నాన్నా. కాజాలు నేను కుడతాను" అంది వచ్చి.

టైలరు గౌన్లు మడతపెట్టి సంచిలో సర్దుకుంటుంటే టీచరమ్మ అతని పక్కకొచ్చి నిలబడింది.

"మా ఆయన చాలా మంచివాడండీ" అంది మెల్లగా.

"అవునండీ" అన్నాడు టైలరు.